కడపటి చోట కూర్చున్న గుమాస్తా

లాలాగూడ, సికింద్రాబాదు
1948 ఆగస్టు 2

కాంతమణి అక్కకు,

జకర్యా, మేబెల్ వందనాలు. మేం బాగున్నాం. బాగున్నామంటే పొద్దు గుంకకముందే తలుపులు వేసుకుంటున్నాం, బజారులో ఉప్పు కనబడటం లేదు, ఏ ఇద్దరు కలిసినా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. రజాకార్ల భయంతో మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. వెళ్ళగలిగినవాళ్ళు బెజవాడ రైలెక్కేశారు. సామాను కట్టుకుని బాపట్ల వచ్చేయమని నువ్వు రాసిన ఉత్తరాలు అందాయి. మేబెల్ పెట్టె సర్దింది కూడా. నేనే కదలనన్నాను.

కారణం చెబితే గర్వపడతావు. మా రైల్వే స్టోర్సు ఆఫీసులో హెడ్ క్లర్కు వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన తర్వాత అందరికన్నా పాతవాణ్ణి నేనే. ఆ కుర్చీ మనదే అనుకో. ఇలాంటప్పుడు ఊరు విడిచిపోతే ఎవడో ఒకడు వచ్చి అందులో కూర్చుంటాడు. దేశం ఏమైపోతున్నా కుర్చీ మాత్రం ఖాళీగా ఉండదు గదా.

(పేజీ తిప్పు.)

ఇంకా ఆర్డరు రాలేదనుకో. కాని సూచనలన్నీ మంచివే. మా సూపరింటెండెంటు నవాజ్ సాహెబుకు నేనంటే అభిమానం. నువ్వు పంపే ఆవకాయలో ఏటా ఒక జాడీ ఆయనకే ఇస్తున్నాను. మొన్న పిలిచి, "జకర్యా, అచార్ ఖతం" అన్నారు. ఆ గొంతులో ఎంత ఆప్యాయత! రంజానుకు ఆయన గుమ్మంలో మొదటి సలాం నాదే.

నోరు తెరిచి అడిగావా అంటావు. అడగను. నాన్న మనకేం నేర్పారు? విందుకు వెళితే కడపటి చోట కూర్చోవాలి, పిలిచినవాడే చూసి పైకి రమ్మంటాడని గదా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మా ఆఫీసులో కడపటి చోట, గాలి రాని మూల బల్ల దగ్గర కూర్చున్నాను. నాకన్నా తనను తగ్గించుకున్నవాడు లాలాగూడ మొత్తంలో లేడు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు కొంచెం గర్వం.

మా పక్క బల్ల సదాశివ నాకన్నా జూనియరు. ఏదో డిపార్టుమెంటు పరీక్షకు ఫారం నింపుతూ, నన్నూ నింపమన్నాడు. నవ్వి ఊరుకున్నాను. పిలుపు రాబోతున్నవాడికి పరీక్షలెందుకు?

కాబోయే హెడ్ క్లర్కు, ప్రస్తుతానికి నీ తమ్ముడు,
జకర్యా


బాపట్ల
1948 ఆగస్టు 21

తమ్ముడూ,

నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు! "ఆ కుర్చీ మనదే" అన్న మాట చదవగానే మీ బావను కేకేశాను. ఆయన కళ్ళజోడు వెతుక్కునేలోపు నేను వీధిలోకి వెళ్ళి నలుగురికి చెప్పేశాను. ఆదివారం ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టించాను. మా చర్చి పాస్టరు దేవసహాయం అయ్యగారు నీ పేరు పెట్టి మరీ స్తోత్రం చెల్లించారు. పులిహోర కలిపాను, శనగలు పోపు పెట్టాను. మా బడి దొరసాని కూడా వచ్చి, నీ తమ్ముడు అంత పైకి వచ్చాడా అని అడిగింది. నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవారో అని నేను అందరి ముందూ ఏడ్చాను.

రెండో పేజీ ఇంకా చదవలేదు. అందులో ఎప్పటిలాగే ఆవకాయ సంగతే ఉంటుంది. ఇప్పుడు అటువైపు వచ్చేవాళ్ళెవరూ లేరు, జాడీ పంపే వీల్లేదని మీ సాహెబుకు చెప్పు.

జాగ్రత్తగా ఉండండి. మేబెల్‌ను ఒంటరిగా బజారుకు పంపకు. హోదా వచ్చింది గదా, కాస్త మంచి చొక్కా కుట్టించుకో.

నీ అక్క,
కాంతమణి


లాలాగూడ
1948 అక్టోబరు 12

అక్కా,

నీ ఆగస్టు ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగిందో నిన్న వచ్చింది. చదివి మంచం మీద పడుకున్నాను. మేబెల్ జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

ముందు క్షేమం. ఇండియా సైన్యం వచ్చిన ఆ అయిదు రోజులూ పక్కింటి రేడియో దగ్గర కూర్చున్నాం. ఆకాశంలో విమానం మోత వినబడితే మంచం కిందికి దూరాం. ఒక మాట నీకే చెబుతున్నాను. రాజ్యం మారుతోందని అందరూ భయపడుతున్నారు, కొందరు సంబరపడుతున్నారు. నేను మాత్రం మంచం కింద పడుకుని, ఈ గొడవలో నా ఆర్డరు ఆలస్యమవుతుందేమోనని బెంగపెట్టుకున్నాను. నీ తమ్ముడి దేశభక్తి అంత ఎత్తున ఉంది.

ఆఫీసు తెరిచాక నవాజ్ సాహెబు సెలవు పెట్టారు. సెలవు నుంచి అటే రిటైరవుతారట. జిల్లాల్లో ఆయన చుట్టాలకు ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేకపోయాను. మనిషి సగమైపోయారు. వీడ్కోలు చెప్పడానికి వెళ్ళి నిలబడితే కూర్చోమన్నారు. ఆయన ముందు కూర్చోవడం అదే మొదలు. ఇప్పుడైనా ఆ మాట వస్తుందేమోనని చూశాను. వచ్చింది.

"జకర్యా మియా, ఈ ఏడన్న దరఖాస్తు తెస్తవని ప్రతి ఏడు చూసిన. నువ్వు అచార్ తెచ్చినవ్. అచారుకు నేను తరక్కీ ఎట్ల ఇయ్యాలె?"

తరక్కీ అంటే ప్రమోషను. ఆయన వెటకారం చెయ్యలేదక్కా, నిజంగానే బాధపడ్డారు. నాకు పైకి వెళ్ళే ఇష్టం లేదనుకున్నారట. మూల బల్ల దగ్గర అంత ప్రశాంతంగా కూర్చున్నవాణ్ణి ఎందుకు కదిలించాలి అనుకున్నారట! నేను ఆయన పిలుపు కోసం, ఆయన నా కాగితం కోసం, ఇద్దరం ఒకే గదిలో ఇన్నేళ్ళు ఎదురుచూశాం.

కుర్చీ సదాశివకు వచ్చింది. పరీక్ష పాసైనవాడు అతనొక్కడే. నా ముఖం చూసి అతనే ముందు మాట కలిపాడు. "అన్నా, ఫారాలొచ్చినప్పుడు నీకు సుత చెప్పిన గద. నువ్వే నవ్వినవ్" అన్నాడు. ఇప్పుడు కూడా నవ్వాను. వేరే ఏం చెయ్యాలో తోచలేదు.

కాబట్టి అక్కా, దేవునికి చెల్లించిన స్తోత్రం ఎలా వెనక్కి తీసుకోవాలో అయ్యగారిని అడుగు. పులిహోర ఎలాగూ తిరిగి రాదు. ఈసారి నా ఉత్తరం రెండో పేజీ కూడా చదువు.

హెడ్ క్లర్కు కాని,
జకర్యా


బాపట్ల
1948 నవంబరు 3

జకర్యా,

నీ రెండో పేజీలు నేనెందుకు చదవనో తెలుసా? మొదటి పేజీలో నువ్వు రాజువి, రెండో పేజీలో నీ రాజ్యం ఇంకా రావాల్సి ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఇదే తంతు.

నాన్న చెప్పింది విందు సంగతిరా. ఆఫీసులో ఎవరు విందు పెట్టారు నీకు? అది పనిచేసే చోటు. నాన్న తన చర్చికి పెంకులు కావాలని మిషను బంగళా చుట్టూ చెప్పులరిగేలా తిరిగి అడిగారు. నీకు ఆ నాన్న గుర్తులేరు. నీకు వీలైన నాన్ననే గుర్తుపెట్టుకున్నావు. పరీక్ష మళ్ళీ ఎప్పుడో కనుక్కో.

ఇక్కడ నా పరిస్థితి చెప్పను. నూతి దగ్గర ఆడవాళ్ళు "మీ తమ్ముడి బంగళా ఎంతుంటుంది" అని అడుగుతున్నారు. ఏదో ఒకరోజు నిజం చెప్పాలనే అనుకుంటున్నాను. దేవసహాయం అయ్యగారికి చెబుదామని వెళితే ఆయన కూటాలకని ఊళ్ళు తిరుగుతున్నారు, పండగ దాటితే గాని రారట. క్రిస్మసుకు ఎవరో సికింద్రాబాదు రమ్మన్నారట. మీ చర్చికి కాకపోతే బాగుండును.

కోపంగా, దిగులుగా,
కాంతమణి


లాలాగూడ
1949 జనవరి 16

అక్కా,

మా చర్చికే.

క్రిస్మసు ఆరాధనలో దేవసహాయం అయ్యగారు ప్రసంగపీఠం మీద నుంచి, "బాపట్ల బిడ్డ, మన జకర్యాను హెడ్ క్లర్కు స్థానానికి హెచ్చించిన దేవునికి" అంటూ ఎత్తుకున్నారు. సంఘమంతా వెనక్కి తిరిగింది. అక్కడ కూడా నేను కడపటి బెంచీలోనే కూర్చున్నాను మరి. లేచి కాదని చెప్పాల్సింది. తల దించుకున్నాను. చూశారా ఎంత వినయమో అని పక్కావిడ కళ్ళు తుడుచుకుంది.

అప్పటినుంచి లాలాగూడలో నాకు పేరు లేదు, హోదాయే. మా వీధి సలోమి పిన్ని అయితే రోజూ వచ్చి, "హెడ్ క్లర్క్ సాబ్, మా అల్లునికి జెర నౌకరీ చూడు బిడ్డా" అంటుంది. చూస్తానంటున్నాను. నాకే ఎవరైనా చూస్తే బాగుండునని ఉంది.

మొన్న ఇంకా ఘోరం. పిన్ని ఇంట్లో ఉండగా సదాశివ ఏదో కాగితం కోసం వచ్చాడు. పిన్ని అతన్ని నిలబెట్టి, "ఎవరనుకున్నవ్? మా జకర్యా హెడ్ క్లర్కు. మంచిగ సలాం చెయ్" అంది. అసలు హెడ్ క్లర్కు నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. సదాశివ చేతులు కట్టుకుని, "అవునమ్మా, సార్ కిందనే పనిచేస్తున్న" అని నాకు సలాం చేశాడు! మేబెల్ వంటింట్లోకి పారిపోయింది, నవ్వడానికో ఏడవడానికో నాకు తెలియదు.

గుమ్మం దాటాక సదాశివ నా భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, గిది ఎన్ని దినాలు మోస్తవ్? పరేషాన్ ఎందుకు, ఫారం నింపు. ఆదివారం మీ ప్రార్థన అయినంక బోయిగూడల మా ఇంటికి రా. నా పుస్తకాలున్నయ్, కూసొని చదువుకో. నేను చెప్ప, నువ్వే చదవాలె."

నింపాను అక్కా. ఇంత వయసొచ్చాక గుణకారాలు గట్టిగా చదువుతుంటే సదాశివ వాళ్ళ అమ్మ దేవమ్మ గారు పలకరించడానికి వచ్చి, చదువు రాలేదా నాయనా అని జాలిపడి అరిసెలు పెట్టారు. నియమాల పుస్తకం, లెక్కలు, ఇంగ్లీషు ఉత్తరాల చిత్తులు రాయడం ఫరవాలేదు. టైపు దగ్గరే చస్తున్నాను. మిషను మీద నా వేళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

సిగ్గుతోనే చదువుతున్నాను, ఆశయంతో అని అనుకోకు.

జకర్యా


లాలాగూడ
1949 ఆగస్టు 24

అక్కా,

ఫలితాలు వచ్చాయి. మూడు పేపర్లు పాసు. టైపు తప్పాను.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. కూర్చుని చదువు. బావను కూడా కూర్చోబెట్టు.

మద్రాసు నుంచి మాకు కొత్త సూపరింటెండెంటు వచ్చారు, వరదాచారి గారు. ఫలితాల కాగితం ముందు పెట్టుకుని నన్ను పిలిచారు. నా సర్వీసు చూశారట, మూడు పేపర్లలో మార్కులు చూశారట. ఆ ఒక్క టైపు పేపరు నాకు మినహాయించమని తానే పైకి రాస్తానన్నారు. అది జరిగితే వచ్చే ఖాళీలో హెడ్ క్లర్కును నేనే.

ఎన్నేళ్ళు కాచుకున్నానక్కా ఈ మాట కోసం! కడపటి చోట కూర్చున్నవాణ్ణి పేరు పెట్టి పైకి రమ్మన్నారు. అడగకుండానే. అచ్చం నాన్న చెప్పినట్టే. నోట్లో కృతజ్ఞత సిద్ధంగా ఉంది, ఇంగ్లీషులో కూడా.

కాని నా కళ్ళు ఆ మార్కుల కాగితం మీద పడ్డాయి. ఆ మూడు పాసులూ ఎవరూ నా మీద దయతలచి వేసినవి కావు. నా పేరూ ముఖమూ తెలియనివాడెవడో దిద్ది వేశాడు. అవి నావి. నా జీవితంలో అలాంటి వస్తువు ఇంకేదీ లేదని అప్పుడు తెలిసింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది, ఆ సంతోషం పక్కన మినహాయింపు పెట్టబుద్ధి కాలేదు.

"మళ్ళీ రాస్తాను సార్" అన్నాను. అన్నది నేనే. వరదాచారి గారు కళ్ళజోడు తీసి చూశారు. నేనూ చూసుకుందును, కాని అక్కడ అద్దం లేదు.

వీధిలోకి వచ్చాక వెనక్కి వెళ్ళి కాళ్ళు పట్టుకుందామా అని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి మేబెల్‌కు చెప్పాను. "ఏందండీ గిది, పాగల్ అయిన్రా?" అంది. కాసేపటికి, "టైపుకు క్లాసులుంటయ్, నేను కనుక్కుంటా" అంది.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేవేళ లేచాను. నేను హెడ్ క్లర్కును కాను, ఎప్పుడూ కాలేదు, పరీక్ష కూడా తప్పాను, వేసవిలోపు మళ్ళీ రాస్తాను అని చెప్పి కూర్చున్నాను. వెంటనే సలోమి పిన్ని, "మరి మా అల్లుని సంగతేంది?" అని గట్టిగా అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈసారి నవ్వు వచ్చే నవ్వాను.

జకర్యా


బాపట్ల
1949 సెప్టెంబరు 9

జకర్యా,

నీకు మతి పోయిందా? కాళ్ళ దగ్గరికి వచ్చినదాన్ని తన్నుకుంటావా? మినహాయించడమంటే దొంగతనమా? రెండు పేజీలూ చదివాను, ఎక్కడా బుద్ధి కనబడలేదు. టైపు రాని హెడ్ క్లర్కులు లోకంలో లేరా? వెంటనే ఆయన దగ్గరికి వెళ్ళి, జ్వరంలో ఏదో అన్నానని చెప్పు.

ఇది రాసి రెండు రోజులు పోస్టు చెయ్యకుండా ఉంచాను. మీ బావ చదివి, "వాణ్ణి చదవమన్నది నువ్వే గదే" అన్నారు. కోపం వచ్చి ఆయనతో మాట్లాడలేదు.

నీకు ధైర్యం చెప్పినదాన్ని నేనే గాని, నీ సంగతి తలుచుకుంటే నాకు భయంరా. నాన్న పోయాక నిన్ను పెంచినదాన్ని. నువ్వు ఎవరి నీడనో ఉన్నావంటే నాకు నిద్ర పట్టేది. నిన్ను పైకి రమ్మనేవాళ్ళు ఒకరుండాలని నేనే ప్రార్థించేదాన్ని, నీకు చెప్పలేదంతే. ఇప్పుడు నువ్వు మళ్ళీ తప్పితే ఎవరిని అనాలి?

పైనున్న తిట్లు కొట్టేయలేదు. కాగితం పాడవుతుందని.

అక్క


కాజీపేట
1950 జూన్ 12

అక్కా,

టైపు పాసయ్యాను. గొప్పగా కాదు, గట్టెక్కాను. ఆర్డరు వచ్చేదాకా నీకు రాయలేదు. మొదటి పేజీలోనే కూటం పెట్టేస్తావని భయం.

ఖాళీలు రెండున్నాయి, సికింద్రాబాదులో ఒకటి, కాజీపేటలో ఒకటి. సికింద్రాబాదు కావాలని నోటితోనే అడిగాను. కుదరదన్నారు. అడిగితే కాదంటారన్న భయంతోనే ఇన్నేళ్ళు గడిపాను గదా, తీరా కాదన్నాక చూస్తే అన్నం ఎప్పటిలాగే సహించింది. మేబెల్ అక్కడి బడిలో పాఠాలు చెబుతోంది గదా, సెలవులు చూసుకుని దసరాకు వస్తుంది. అంతవరకు నా వంట నేనే. ఇక్కడి కుక్కలు కూడా మర్యాదకు వాసన చూసి వెళ్ళిపోతున్నాయి.

ఇవాళ మొదటి రోజు. కుర్చీలో కూర్చున్నాను. చేతులు వేసుకునే కుర్చీ అక్కా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంతలో గోడౌను గుమాస్తా రాములు, ఇంకో ఇద్దరు గాభరాగా వచ్చారు. బండి మీద బోల్టుల పెట్టెలు వచ్చాయట, కొన్ని పగిలి ఉన్నాయట. వర్కుషాపువాళ్ళు వెంటనే కావాలని కూర్చున్నారు, దింపితే నష్టం మన నెత్తిన పడుతుంది. "దించుకోవాల్నా, వాపస్ పంపాల్నా? ఏం చేద్దామంటరు సార్?" అని అడిగాడు రాములు.

అందరూ నా వంక చూస్తున్నారు. ఎవరిని అడుగుతున్నారా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది.

వెళ్ళి పెట్టెలు చూశాను. మంచివి దింపి, పగిలినవి వెనక్కి పంపమని రాసి సంతకం పెట్టాను. అలా విడదీయవచ్చో లేదో నియమాల పుస్తకంలో మళ్ళీ చూసుకున్నాను, దాన్ని ఎటైనా చదువుకోవచ్చు. తప్పో ఒప్పో పైనుంచి జవాబు వస్తే గాని తెలియదు.

ఇంతకాలం నాకు ఏది జరగకపోయినా ఎవరో ఒకరు దొరికేవారు. సాహెబు, సదాశివ, రాజ్యం, నాన్న, నువ్వు. ఎవరిని అనాలి అని అడిగావు గదా. ఇది తప్పయితే నన్నే అను. ఈ మాట రాస్తుంటే నాకు భయంగా ఉంది, దానికి మించి సంతోషంగా ఉంది అక్కా.

జకర్యా